మంగతాయారు కమ్మలు

"పాత బుట్టలు ఏవండీ?" అంది శ్రీహిత.

"లేవమ్మా. ఇంకో జత కావాలి," అంది మంగతాయారు, ఎప్పటిలాగే నవ్వుతూ.

శ్రీహితకి ఒళ్ళు మండింది. రాక రాక ఇవాళే రావాలా ఈవిడ.

ఏలూరు మెయిన్ బజారు పక్క సందులో శ్రీహితది చిన్న నగల దుకాణం. దుకాణం చిన్నదే గాని ఆమె ధీమా చిన్నది కాదు. డిజైనింగ్ కోర్సు చదివొచ్చి సొంతంగా ఒక నమూనా తయారుచేసింది. ఎవరి బంగారు కమ్మలు వాళ్ళు తెచ్చుకుంటే, వాటి అడుగున కంటికి కనపడని చిన్న మర పెడుతుంది. ఆ మరకి రాళ్ళ బుట్టలు బిగించుకోవచ్చు. ఎర్ర చీరకి ఎర్రవి, పచ్చ చీరకి పచ్చవి. కమ్మలు అవే, బుట్టలు మాత్రం పూటకో రకం. ఊళ్ళో టీచరమ్మలు ఎగబడి కొన్నారు.

తాడేపల్లిగూడెంలో పెద్ద నగల కొట్టున్న సత్తిరాజు గారి చెవిన ఆ సంగతి పడింది. నచ్చితే తన కొట్లో పెట్టి అమ్ముతానని కబురు చేసి, ఆ ఉదయమే వచ్చి కూర్చున్నాడు. ఆయన సరేనంటే శ్రీహిత పేరు జిల్లా దాటుతుంది.

సరిగ్గా అప్పుడే మంగతాయారు దిగింది.

ఆవిడది కొల్లేరులో ఒక లంక గ్రామం. కట్టేది ముతక నూలు చీర. చెవులకి మాత్రం పాతకాలపు బరువైన బంగారు కమ్మలు. వాటికి మర పెట్టించుకున్నప్పటి నుంచీ ఒకటే వరస. కొంగు ముడి విప్పి పట్టుగుడ్డ ముక్క ఒకటి తీసి, "ఈ రంగుకి నప్పేవి ఇవ్వమ్మా" అంటుంది. కొనుక్కుని వెళ్తుంది. మళ్ళీ వచ్చేసరికి చెవులకి ఉత్త కమ్మలే ఉంటాయి.

ఈ వయసులో ఈ సోకేంటో, సోకు పడేదానికి కాస్త జాగ్రత్తయినా లేకపోవడమేంటో శ్రీహితకి బోధపడేది కాదు.

"మళ్ళీ పోగొట్టుకున్నారా?" అంది గొంతు తగ్గించి.

మంగతాయారు గుడ్డముక్క బల్ల మీద పెట్టింది. నెమలికంఠం రంగు.

తగ్గించిన గొంతు కూడా సత్తిరాజుకి వినపడనే వినపడింది.

"ఏమ్మా, బుట్టలు ఊడిపోతున్నాయా ఏంటి? మా కొట్లో ఇలాంటి పేచీ వస్తే పరువు పోతుందమ్మా."

"ఊడవండీ. సరిగ్గా బిగించుకుంటే చాలు."

"అందరూ సరిగ్గా బిగించుకోరు కదా."

శ్రీహిత ముఖం వేడెక్కింది. అయినా ఆమె తడుముకునే రకం కాదు.

"ఆ కమ్మలు ఒకసారి ఇలా ఇవ్వండి," అని తీసుకుంది. నెమలికంఠం రాళ్ళ బుట్టలు బిగించి, లోపలి గదిలోకి వెళ్ళి, మరలోకి బంగారు మాటు కరిగించి అతికేసి, మెరుగు పెట్టి తెచ్చింది.

"ఇదిగోండి. ఇక లాగినా ఊడవు. కూలి కూడా అక్కర్లేదు."

మంగతాయారు బుట్టని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూసింది. తిరగలేదు.

"మరి తియ్యాలంటేనమ్మా?"

"తియ్యడమెందుకండీ? తీస్తేనే కదా పోయేది."

ఆవిడ ఏదో చెప్పబోయి, కుర్చీలో ఉన్న పెద్దమనిషిని చూసి ఆగిపోయింది. సంతోషంతో మాట రాలేదనుకుంది శ్రీహిత.

"చల్లగా ఉండమ్మా," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సత్తిరాజు తలూపాడు. "గట్టిదానివేనమ్మా. పేచీ అంటే ఇలా తెంచెయ్యాలి. సరుకు పంపించు."

బుట్టల పెట్టెలు తాడేపల్లిగూడెం బస్సెక్కడం మొదలైంది. మంగతాయారు మళ్ళీ రాలేదు. శ్రీహితకి హాయిగానే ఉంది.

వేసవిలో ఒక కొత్త పెళ్ళికూతురు వచ్చింది. మెడలో పసుపుతాడు ఇంకా వెలిసిపోలేదు. పేరు తేజస్వి. చెవుల కమ్మలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ అతుకు విడదీస్తారాండీ?"

తన చేతి పని తనకి తెలియదా.

"ఇవి మంగతాయారు గారివి కదూ? నీ దగ్గరికి ఎలా వచ్చాయి?"

"పెళ్ళికి ఆవిడే పెట్టారండీ. వాళ్ళమ్మగారి కమ్మలట. మా లంకలో కొంతమంది ఆడపిల్లలం వీటితోనే పీటల మీద కూర్చున్నాం. పెళ్ళిచీరకి నప్పే కొత్త బుట్టలు కొనుక్కొచ్చి తగిలిస్తారు. మూడు నిద్రలూ అయ్యాక బుట్టలు మాకే ఉంచేసి, కమ్మలు తీసుకుంటారు. తర్వాతి పిల్లకి కావాలి కదండీ."

ఆ పట్టుగుడ్డ ముక్కలు ఎవరి చీరలవో శ్రీహితకి ఇప్పటికి తెలిసింది.

"మరి నీకు..."

"ఎంత తిప్పినా బుట్టలు రాలేదండీ. పెళ్ళికూతురికి పెట్టింది విరిచి తీసుకోకూడదన్నారు. కమ్మలతో సహా ఉంచేసుకోమన్నారు."

"ఆవిడ చెవులకో?"

"వేపపుల్లలు పెట్టుకున్నారండీ, రంధ్రాలు పూడిపోకుండా. నేను వెనక్కిస్తే తీసుకోవడం లేదు. మీరు విడదీస్తే కమ్మలు మీ చేతే ఇప్పిద్దామని వచ్చాను. వచ్చే నెల ఇంకో పిల్ల పెళ్ళుంది."

శ్రీహిత కమ్మని వెలుతురులోకి పట్టి చూసింది. మర ఉండాల్సిన చోటంతా మాటు నిండిపోయి ఉంది. కరిగిస్తే దాంతోపాటు మరా కరిగిపోతుంది, కోస్తే కమ్మే చీలిపోతుంది. పని అంత బాగా చేసింది. తన పనితనం చూసి ఆమెకి మొదటిసారి ఏడుపొచ్చింది.

"విడదీయలేనమ్మా," అంది. కమ్మలు వెనక్కి ఇస్తూ అడిగింది. "ఆవిడ నీకేమవుతారు? మేనత్తా?"

"చుట్టరికమేం లేదండీ," అంది తేజస్వి. "మా లంకలో తల్లి లేని ఆడపిల్లలకి పెళ్ళినాడు తల్లి ఆవిడే."