నట్టు మీద ఎర్ర గీత

కమాను స్ప్రింగుల్లో పట్టీలు పెంచి జీపును ఎత్తు చేయించాక, నా భార్య రూతు తమ్ముడు సుందర్ రాజుకి స్టీరింగు కుదరలేదు. చక్రాలు తిన్నగా ఉన్నా చేతిలో స్టీరింగు వంకరగా నిలిచేది. రైల్వే ఫిట్టర్ని కదా, కింద దూరి స్టీరింగు రాడ్డు పొడవు సరిచేశాను. నట్టు బిగించి, మళ్లీ కదిలితే తెలియాలని దాని మీద ఎర్ర రంగుతో గీత గీశాను.

నిన్న సమ్మె కమిటీ రహస్య మీటింగుకి నేను బయల్దేరుతుంటే సుందర్ రాజు గుమ్మం ముందు జీపు ఆపాడు.

"బావా, మళ్లీ వంకరైపోనాది. ఒక్కపాలి సూసెయ్యి."

గీత కూడా చూడకుండా గబగబా సరిచేసి, తిన్నగా పోతోందో లేదోనని కాసాయి నది వంతెన దాకా నడిపి చూశాం. తిరిగొచ్చేసరికి మీటింగులో ఉన్నవాళ్లందరినీ పోలీసులు పట్టుకుపోయారు.

ఈ పొద్దున్న మా ట్రాఫిక్ రైల్వే కాలనీ కుళాయి దగ్గర నన్ను చూసి ఆడవాళ్లు బిందెలు పక్కకి జరుపుకున్నారు. "పోలీసులకి కబురు మోసినోడు" అంటూ ఒకామె ఉమ్మేసింది.

అక్కణ్ణుంచి నేరుగా సుందర్ రాజు ఇంటికెళ్లి జీపు కింద దూరాను. ఎర్ర గీత మీద పైపు రెంచి పళ్ల గాట్లున్నాయి. నట్టుకి పైపు రెంచి పెట్టే అలవాటు నాకు లేదు.

"నువ్వే వదులు సేసినావు కదరా?"

"సేసినాను బావా. అక్క సెయ్యమంది."

"పోలీసులొస్తారని రూతుకెలాగ తెలుసు?"

సుందర్ రాజు తల దించుకున్నాడు. "నిన్నొక్కడ్నీ ఒగ్గేస్తామని ఆళ్లు మాటిచ్చినాకే, మీటింగెక్కడో అక్క సెప్పింది."

కుళాయి దగ్గరివాళ్లు ఇల్లు సరిగ్గానే పోల్చుకున్నారు. మనిషి దగ్గరే పొరబడ్డారు.