లేని పులి తిన్న మేకలు

పొద్దున్నే సందర్శకులు రాకముందే గవర్రాజు పనస చెక్కతో చెక్కిన చిరుతపులి పాదాన్ని నీళ్లు పారే గెడ్డ పక్క బురదలో అక్కడక్కడా అద్దేవాడు. తర్వాత తన కాలిగుర్తుల్ని చీపురుకొమ్మతో చెరిపేసేవాడు.

ఒకప్పుడు అదే కొండ మీద దొంగచాటుగా కట్టెలు కొట్టి బతికినవాడు అతను. ఫారెస్టువాళ్లు ఊరివాళ్లతో కలిసి అడవిని కాపాడాలని సమితి పెట్టాక, నడకదారీ వెదురు పాకలూ వెలిశాక, గైడయ్యాడు. వైజాగ్ నుంచి, భీమిలి నుంచి వచ్చిన జనం "పులేదీ?" అనేవారు. ఉన్నవి నెమళ్లు, కొండముచ్చులు. ముఖాలు వేలాడేసుకుని వెళ్లిపోయేవారు. ఊరి ఆడవాళ్లు పాకలో వండిన భోజనాలు మిగిలిపోయేవి.

అందుకే ఈ పాదం.

జాడల కబురు పాకగానే స్టీల్ ప్లాంట్ క్వార్టర్ల నుంచి బస్సులు దిగాయి. జాడ పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటోలు తీసుకున్నారు. "రాత్రే తిరిగింది బాబూ" అని గొంతు తగ్గించి చెబుతుంటే గవర్రాజుకే ఒళ్లు జలదరించేది. 'కట్టెల దొంగని పులినైపోయాను. ఎంత ప్రమోషను!' అని తనలో తానే నవ్వుకునేవాడు. "పులి తిరిగే చోటికి పోతన్నావు" అంటూ అతని పెళ్లాం చిట్టెమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని మెడలో తాయెత్తు కట్టింది.

ఇంతలో ముసలి గంగాలమ్మ మేక మాయమైంది. ఆమె వీధిలో కూర్చుని గుండెలు బాదుకుంది. తర్వాత మరో ఇంట్లో, ఆ పక్కింట్లో. రేంజర్ శ్రీరామ్మూర్తి వచ్చి బురదలో జాడలు కొలిచాడు. పరిహారానికి పైకి రాస్తానన్నాడు.

"ఇలా పోతూ ఉంటే మాత్రం నడకదారి మూసెయ్యాలి. రేపు మనిషి మీద పడితే?" అన్నాడు.

గవర్రాజు లోలోపల లెక్కేసుకున్నాడు. పులి లేదని తెలిసినవాడు ఊళ్లో తనొక్కడే. అంటే, మేకల దొంగ ఉన్నాడని తెలిసినవాడూ తనొక్కడే. చెబితే తన పని పోతుంది. చెప్పకపోతే ఊరందరి బతుకుతెరువూ పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం గంగాలమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తా, నీ మేకని పులి తినలేదు."

"మరేటి తినేసిందిరా?"

"పులే లేదత్తా. నానే ఆ పులిని. సెక్క పాదం అద్దతన్నాను. నాలాటి ఎదవని పులనుకుని రేంజర్ బాబు కొలతలు కూడా తీసుకున్నాడు. నీ మేకని ఎవడో దొంగనాయాలు ఎత్తుకుపోయాడు. పద, బాబు కాడ అంతా ఒప్పేసుకుంటాను. దొంగ దొరికితే సాలు, నాను జైలుకెల్లినా పర్నేదు."

గంగాలమ్మ చప్పున అతన్ని లోపలికి లాగి తలుపేసింది.

"మెల్లగా ఏడవరా! నువ్వు పనస సెక్క సెక్కతన్నప్పుడే ఊరందరికీ తెలుసు. మేకలన్నీ తగరపువలసలో మా సెల్లి దొడ్లో సుబ్బరంగా మేత్తన్నాయి. పరిహారం డబ్బుల కోసమేరా! ఇంకొక్కటి పోయాక, రేంజర్ బాబు దారి మూసీకముందే ఆ పులి కూడా కొండ దిగి ఎలిపోద్ది."

"ఇంకొక్కటా? ఎవల్ది?"

"మీదేరా! పొద్దున్నే మీ సిట్టెమ్మ ఆటో ఎక్కించేసింది, నీకు సెప్పలేదేటి?"