మూడో హెచ్చరిక

చాప అంచున మాస్టారు కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నారు. చూపులేనివారి జూడో పోటీలలో అది చివరి పోరు. గెలిచిన అమ్మాయికి దేశపు జట్టులో చోటు. తెల్లని దుస్తులలో ఉన్నది ఆయన శిష్యురాలు. పదేళ్లుగా ఆయన తన చేతులతో తీర్చిదిద్దుకున్న పిల్ల. అందరూ పిడుగు అనే పిలుస్తారు.

రెఫరీ పిలుపు ఆటగాళ్లకు వినబడాలి గనుక హాలంతా నిశ్శబ్దం. ఇంతకుముందు అదే చాప మీద వినికిడి సైతం లేని ఒక యువకుడు ఆడాడు. తీర్పును రెఫరీ అతని అరచేతిలో వేలితో రాసి తెలిపాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. మాస్టారి ధ్యాస మాత్రం పిడుగు మీదనే.

నెల క్రితం పట్టు మార్చమంటే మార్చలేదని ఆయన ఆమె మీద మండిపడ్డారు.

“నా మాటంటే లెక్కలేదా? ఇక నాకు మొహం చూపించకు!”

మునుపైతే “మీ మొహం నేను చూశానా ఏంటి మాస్టారూ!” అని నవ్వేసేది. ఆనాడు నవ్వలేదు. అప్పటినుంచి పిలిస్తే పలకదు. పలికితే గొంతు పెంచి అరుస్తుంది. పొగరు తలకెక్కిందనుకుని ఆయనా బిగుసుకుపోయారు. సాధన తోటివారితోనే సాగింది.

ఇవాళ చేయి పట్టి చాప వద్దకు నడిపిస్తూ ఆయనే ఒక మెట్టు దిగారు.

“కోపంలో నోరు జారానమ్మా. మనసులో పెట్టుకోకు.”

ఆమె నడుముపట్టీ బిగించుకుంది.

పోరు మొదలైన క్షణాలలోనే ప్రత్యర్థిని పడగొట్టి ఆధిక్యం సాధించింది. “ఆగండి” అన్నాడు రెఫరీ. ప్రత్యర్థి ఆగింది. పిడుగు ఆగలేదు.

మొదటి హెచ్చరిక.

“ఆగమంటే ఆగమ్మా!” మాస్టారు అరిచారు.

మళ్లీ అదే తప్పు. రెండో హెచ్చరిక.

“దేవుడు దిగొచ్చి చెప్పినా వినేట్టు లేదండీ మీ పిడుగు!” అవతలి కోచ్ నవ్వాడు.

మూడోది పడితే ఓటమే. ఇంకా ఇరవై సెకన్లు. చాప మీద కాలు మోపే అధికారం ఆయనకు లేదు. ఇష్టదైవాన్ని తలచుకుని గొంతు చించుకున్నారు.

“నీ కాళ్లు పట్టుకుంటా తల్లీ, ఈ ఒక్కసారి నా మాట విను!”

“ఆగండి!” అన్నాడు రెఫరీ.

ప్రత్యర్థి చేతులు సడలాయి. ఆ సడలింపునే అదనుగా తీసుకుని పిడుగు ఆమెను వీపు ఆనేలా విసిరింది. పదేళ్లలో అంత చక్కని విసురు ఆయన చూడలేదు.

రెఫరీ చేయి అవతలి అమ్మాయి వైపు లేచింది.

“నా మీద కసి తీరిందా? ఇప్పుడు చల్లగా ఉందా?” చాప దిగిన ఆమె భుజం పట్టి ఆయన బావురుమన్నారు.

పిడుగు ముఖం వెలిగిపోతోంది. ఆయన చేయి తడిమి వెతికి పట్టుకుంది. చెమటకు తడిసిన తన అరచేయి విప్పి ఆయన ముందు చాచింది.

“గెలిచానుగా మాస్టారూ, ఇందులో రాయండి!” అంది, హాలంతా దద్దరిల్లేలా.