పక్కింటి దొడ్డి

ఊరంతా సంతకు పోయిన పూట, ఇఫెకా తన పెండలం దుంపల్లో మేలైనవి ఏరి బుట్టకెత్తుకుని పక్కింటి ఎగ్బునా దొడ్డిలో దూరాడు. అక్కడ వరసగా పాతిన గుంజలకు దుంపలు నిలువునా కట్టి ఉన్నాయి. చివరి ఖాళీ గుంజకు తన దుంపలూ కట్టేసి, చేతులు దులుపుకుని వెనక్కి తిరిగి చూశాడు. ఆ దొడ్డి మరింత నిండుగా కనబడి మళ్లీ కడుపు మండింది.

ఇద్దరిదీ ఒకే ఈడు. దొడ్డిలో లెక్కకు సరిపడా గుంజలు నింపినవాడికిచ్చే దుంపల బిరుదు త్వరలో పెద్దలు ఎగ్బునాకు ఇస్తారనీ, నెత్తిన ఎర్రటోపీ పెడతారనీ ఊళ్లో ఒకటే మాట. ఆ తర్వాత వాడు ఎదురుపడితే ఇఫెకా లేచి నిలబడాలి, బిరుదు పేరుతో పిలవాలి. పొద్దున భార్య ఉజోమా ముద్ద ముందు పెడుతూ కూడా అదే ఎత్తింది. పక్కింటావిడ నడకే మారిపోయిందనీ, మనకు మాత్రం ఇంకొకళ్ల టోపీలు చూడ్డమే రాసిపెట్టి ఉందనీ అంది. ఇఫెకా ముద్ద వదిలేసి లేచిపోయాడు.

దుంపల దొంగకు ఆ ఊళ్లో బిరుదు మాట దేవుడెరుగు, కూర్చోను పీట కూడా దొరకదు.

జనం సంత నుంచి తిరిగొచ్చేసరికి ఇఫెకా పెద్దల దగ్గర ఉన్నాడు. బిరుదు ఇచ్చేముందు నలుగురి ఎదుటా దొడ్డి చూస్తే ఊరికే గౌరవం కదా అని విన్నవించుకున్నాడు. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరికన్నా పెద్దవాడు అనెకె, పీల్చబోయిన నశ్యం అలాగే పట్టుకుని అడిగాడు.

"వాడి దొడ్డి గురించి నీకెందుకురా ఇంత ఆత్రం?"

"నా ఈడువాడు కదయ్యా. వాడి గొప్ప నా గొప్ప కాదూ?"

కాసేపు గుసగుసలాడుకుని పెద్దలు లేచారు. వెనకే జనమూ బయల్దేరారు.

వాళ్లను చూడగానే ఎగ్బునా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇవాళ వద్దని పెద్దల కాళ్లావేళ్లా పడ్డాడు. దొంగ మొహం ఇలాగే ఉంటుందని పక్కవాళ్లకు వినబడేలా అనబోయి ఇఫెకా ఆపుకున్నాడు. తొందరెందుకు, అంతా వాళ్లే చూస్తారు.

అనెకె గుంజ గుంజా తడుముతూ నడిచి చివర ఆగాడు.

"ఈ దుంపలు వేరే రకం. తొక్క నల్లగా ఉంది. ఎవరివి?"

ఎగ్బునా దగ్గరికొచ్చి చూశాడు. నావేనని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

"నావి కావయ్యా. ఎలా వచ్చాయో తెలీదు."

జనంలో కలకలం రేగింది. ఇఫెకా ముందుకొచ్చాడు.

"అవి నావి."

"అయితే ఇది పట్టుకుని చెప్పు," అంటూ అనెకె తన ఓఫో కర్ర చాచాడు. "ఇక్కడికెలా వచ్చాయి?"

ఓఫో పట్టుకుని అబద్ధమాడినవాడు కొత్త పంట నోట పెట్టకుండానే పోతాడు. ఆ సంగతి ఇఫెకాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఇఫెకా అనుకున్నదల్లా దొంగా దొంగా అని జనం అరుస్తారనే. ప్రమాణం చేయమంటారని అనుకోలేదు. కర్ర పట్టుకున్నాడు. పొద్దుటి నుంచీ నాలుక చివర సిద్ధంగా ఉన్న మాట లోపలికి పోయి దాక్కుంది.

"నేనే తెచ్చి కట్టాను."

"ఎప్పుడు?"

"అందరూ సంతకు పోయాక."

"దాపరికం ఎందుకు?"

ఇఫెకా చెమట తుడుచుకున్నాడు. "వాడు చూస్తే కట్టనివ్వడని."

అందులో అబద్ధం లేదు. ఇక అడిగే ప్రశ్న ఏమిటో ఇఫెకాకు తెలుసు. కానీ అనెకె అడగలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కర్ర వెనక్కి తీసుకుని మిగతా పెద్దల వైపు చూశాడు. వాళ్లు తలలూపారు.

"ఈడువాడు తెచ్చి కట్టిన దుంప సొంత దుంపతో సమానం. దొడ్డి నిండింది. వచ్చే సంతకు టోపీ పెడదాం," అన్నాడు.

ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఇఫెకాకు ఏమీ అర్థం కాలేదు. ఈలోగా ఎగ్బునా వచ్చి వాటేసుకుని, భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"ఒక గుంజ తక్కువైందని పెద్దలు మొన్న నాకు బిరుదు లేదు పొమ్మన్నారు. ఆ మాట నా పెళ్లానికి కూడా చెప్పుకోలేదు. నీకెలా తెలిసిందిరా?"