తాబేలమ్మకు కావలసిన చల్లటి చోటు

సముద్రం ఒడ్డున ఇసుకలో గుడ్లు పెట్టుకునే తాబేలమ్మకు ఈ ఏడూ అందరూ ఆడపిల్లలే పుట్టారు. సంబంధాలు వెతుకుతూ తీరమంతా తిరిగింది గానీ, ఏ తాబేలింట చూసినా కూతుళ్ళే! ఏమీ పాలుపోక పీత దగ్గర కూలబడింది.

"నీ తప్పేం లేదు వదినా," అంది పీత. "ఇసుక చల్లగా ఉంటే గుడ్లలోంచి కొడుకులొస్తారు, కాలితే కూతుళ్ళే. ఇప్పుడది పేలాలు వేయించే మంగలంలా ఉంది."

"అడుగున పొయ్యి ఎవరు పెట్టారు?"

"అడుగున కాదు, అదుగో!" పీత దూరాన పొగ కక్కుతున్న గొట్టాన్ని చూపించింది. "మనుషులు బొగ్గు కాల్చి కరెంటు తీస్తున్నారు. ఆ పొగ దుప్పటిలా కప్పేసి వేడిని పైకి పోనివ్వడం లేదు."

"మరి వాళ్ళకు ఉక్కపోయదా?"

"ఎందుకు పోయదూ? అందుకేగా ఏసీలు పెట్టుకున్నారు."

తాబేలమ్మకు మళ్ళీ గుడ్లు పెట్టే వేళయింది. పాక్కుంటూ ఒడ్డునున్న హోటల్ గోడ కిందికి చేరింది. ఏసీ నీళ్ళు బొట్టుబొట్టుగా పడి అక్కడి ఇసుక చల్లగా ఉంది. "ఇక కొడుకులే!" అనుకుని గబగబా గొయ్యి తవ్వసాగింది.

అంతలో గోడమీది ఏసీ పెట్టె గుర్రుమంటూ వేడిగాలిని మొహాన కొట్టింది.

"వీళ్ళు చల్లారుస్తున్నట్టా, కాలుస్తున్నట్టా?"

సగం తవ్విన గోతిలో, గుడ్లు కడుపులోనే పెట్టుకుని, తాబేలమ్మ అలాగే ఉండిపోయింది.