కోచ్‌కి ఫోన్ చేయొద్దు

"మూడో కాలేజీ కూడా వద్దందట కోచ్. మీరేం చెప్పారు వాళ్లకి?"

కోచ్ నోవాక్ వాలీబాల్ నెట్ చుట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు. "ఏం చెబుతాను? ఇంకా తయారు కాలేదన్నాను."

అడిగిన గ్రేటా ఆ స్కూలు జట్టులో లిఫ్టర్. మా నెబ్రాస్కా రాష్ట్రంలో నడక వచ్చిన ప్రతి ఆడపిల్లా వాలీబాల్ ఆడుతుంది గానీ, మంచి లిఫ్టర్ దొరకడమే కష్టం. ఇంకొకరు కొట్టే షాట్‌కు బంతి లేపి ఇచ్చి, చప్పట్లు వాళ్లకు వదిలేసే పని అది. ఆ పనిలో గ్రేటాను మించిన పిల్ల ఈ చుట్టుపక్కల లేదని పేపర్లో కూడా రాశారు. ఏం లాభం? ఏ కాలేజీ అయినా ముందు ఫోన్ చేసేది స్కూలు కోచ్‌కే. కోచ్ పెదవి విరిస్తే పేరు కొట్టేస్తారు. ఆట మీద సీటు రాకపోతే గ్రేటాకు కాలేజీయే లేదు. తల్లి పనిచేసే ధాన్యం గోదాములో తూకం దగ్గర కూర్చోవాల్సిందే.

"ఏం తక్కువైందో నాకైనా చెప్పొచ్చుగా?"

"వెనక్కి లేపే బంతి. మోచేతులు చూసుకో. రేపు ఆరింటికి రా."

గ్రేటాకు అర్థం కానిది ఇదే. సీజన్ అయిపోయి నెల దాటింది. అయినా ఈవిడ రోజూ పొద్దున్నే గుమ్మం ముందు మంచు పారతో ఎత్తిపోసి మరీ జిమ్ తెరుస్తుంది. తనొక్కదానికే రెండు గంటలు నేర్పుతుంది. ఇంట్లో చేసిన ఆప్రికాట్ కొలాచీ బన్ను ఒకటి చేతిలో పెట్టి, తినేదాకా వదలదు. పనికిరాని పిల్లకు ఇంత చాకిరీ ఎందుకు?

వెళ్తూ వెళ్తూ కోచ్ ఆఫీసు గదిలోకి తొంగి చూసింది. గోడ మీద పాత జట్ల ఫొటోలు ఒక్కటీ లేవు. రంగులు వేయిస్తున్నారేమో అనుకుంది.

"కడుపుమంట, ఇంకేంటి!" అంది తల్లి జోలీన్ ఆ సాయంత్రం, దాల్చినచెక్క రోల్ తుంచి చిల్లీ అనే మాంసం, బీన్స్ కూరలో ముంచుకుంటూ.

"కడుపుమంటైతే పొద్దున్నే లేచి ఎందుకు నేర్పుతుందమ్మా?"

"తన జట్టు కోసం."

"ఏ జట్టు? మే నెలలో నా స్కూలే అయిపోతుందిగా."

తనకు తెలియని సంగతి అడిగితే జోలీన్‌కు కోపం వస్తుంది. మర్నాడు నేరుగా జిమ్‌కే వెళ్లింది.

"మా పిల్ల మీద మీకేంటండీ పగ?"

"ఆట సంగతులు తల్లిదండ్రులతో మాట్లాడను జోలీన్ గారూ. ఆగస్టులో మీరు సంతకం పెట్టిన కాగితంలో, రెండో పేజీలో ఉంది."

"పిల్ల గొంతు కోస్తామని ఏ పేజీలో ఉంది?"

కోచ్ ఏదో చెప్పబోయింది. అంతలోనే మాట మార్చేసింది. "కొన్నాళ్లు ఓపిక పట్టండి," అని బంతుల బుట్ట తోసుకుంటూ వెళ్లిపోయింది.

"ఓపికట! సీట్లన్నీ నిండిపోయాక ఆ ఓపికని ఏం చేసుకోవాలంట?" ఇంటికి రాగానే జోలీన్ కూతుర్ని కంప్యూటర్ ముందు కూలేసింది. "ఆవిడతో మనకేం పని? కాలేజీకి నువ్వే రాయి."

ఇక మిగిలింది ఒక్కటే కాలేజీ. ప్లాట్ నది అవతల, కారులో గంట దూరం. అక్కడి పాత కోచ్ రిటైరయ్యాడు. వెబ్‌సైట్‌లో హెడ్ కోచ్ పేరుండాల్సిన చోట 'త్వరలో ప్రకటిస్తాం' అని ఉంది. మెయిల్ అడ్రసు మాత్రం ఉంది. ఎవరొస్తే వాళ్లే చదువుతారులే అనుకున్నారు తల్లీకూతుళ్లు.

గ్రేటా తన ఆట వీడియో జతచేసి రాసింది: "దయచేసి మా స్కూలు కోచ్‌కి మాత్రం ఫోన్ చేయకండి. నాకు వచ్చిన ఆటంతా ఆవిడ నేర్పిందే. అయినా నా గురించి ఎవరికీ ఒక్క మంచి మాట చెప్పదు. ఎందుకో నాకు అర్థం కావడం లేదు."

"ఇంత మెత్తగానా? అసలు లిఫ్టర్ అంటే ఏమిటో మా కోచ్‌కి తెలియదు అని కూడా పెట్టు," అంది జోలీన్.

"పాపం అమ్మా..."

"పెట్టవే!"

గ్రేటా గునుస్తూనే పెట్టింది. పంపాక మనసంతా పాడైపోయింది.

ఆ వారమంతా కోచ్ కళ్లలోకి చూడలేకపోయింది. కోచ్ మాత్రం ఎప్పటిలాగే "మోచేతులు! మోచేతులు!" అని అరిచింది. శుక్రవారం ఒకటికి రెండు కొలాచీలు ఇచ్చి, గోడవైపు తిరిగి తనలో తనే నవ్వుకుంది. ఈ మనిషి మంచిదా, చెడ్డదా?

శనివారం జవాబు వచ్చింది. గ్రేటా పైకి చదివింది.

"గ్రేటా, నీ ఉత్తరం అందింది. వీడియో చూడలేదు, అక్కర్లేదు. సీటు నీదే. నాలుగేళ్ల ఫీజూ, హాస్టలూ కాలేజీయే చూసుకుంటుంది."

జోలీన్ ఒక్క కేక పెట్టి కూతుర్ని వాటేసుకుంది. "మనుషులంటే వీళ్లే! ఇది తీసుకెళ్లి ఆ నోవాక్ ముఖాన కొట్టిరా!"

"ఉండమ్మా, ఇంకా ఉంది." గ్రేటా కిందికి జరిపింది. మళ్లీ చదవసాగింది.

"మీ కోచ్‌కి ఫోన్ చేయొద్దన్నావు, చేయను. నీలాంటి లిఫ్టర్‌ని వేరే కాలేజీకి వదులుకునేంత పిచ్చిదాన్ని కాను. ఇక లిఫ్టర్ అంటే ఏమిటో నాకు తెలుసో లేదో సోమవారం పొద్దున ఆరింటికి తేల్చుకుందాం, మీ అమ్మను కూడా తీసుకురా. ఇట్లు, డార్లీన్ నోవాక్, కొత్త హెడ్ కోచ్."