కొత్త కోచ్ పెట్టిన షరతు

“డప్పు తేవద్దట. ఈలలు వేయొద్దట. చప్పట్లు కూడా ఆట ఆగినప్పుడే కొట్టాలట,” అంటూ తోటి అభిమాని రుచిత మెయిల్ చదివి వినిపించింది.

కౌశల్ నమ్మలేక ఆమె ఫోన్ తీసుకుని తనే మరోసారి చదివాడు. బ్రెమెన్‌లో వాళ్ల యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్ వచ్చి నెలన్నర అయింది. కరోనా వల్ల ఇన్నాళ్లూ మైదానంలోకి ప్రేక్షకులను రానివ్వలేదు. ఈ శనివారం, టీకా సర్టిఫికెట్ ఉన్న రెండు వందల మందికి అనుమతి దొరికింది. ఆ కబురుతోపాటే కోచ్ ఆల్బర్స్ షరతూ వచ్చింది.

కౌశల్‌ది హనుమకొండ. చదువుకోసం వచ్చిన మొదటి చలికాలంలో, పలకరించే మనిషి లేక గదిలో గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో, రూమ్మేట్ భార్గవ్ తను ఆడే మ్యాచ్‌కు లాక్కెళ్లాడు. ఆ రోజు కౌశల్ డప్పు వాయిస్తే, పేరైనా తెలియని జర్మన్ కుర్రాళ్లు అతని భుజాల మీద చేతులేసి గెంతారు. అప్పటినుంచీ గెలిచినా ఓడినా ఆ జట్టు అతనిదే. ఎక్కువగా ఓడేది.

అందుకే ఆల్బర్స్ పేరు ప్రకటించగానే అభిమానుల గ్రూపులో పండగైంది. ఆయన ఇరవై ఎనిమిదేళ్ల వయసుదాకా రెండో డివిజన్‌లో ఆడి, తర్వాత ఉన్నట్టుండి ఆట మానేశాడని ఎవరో తవ్వి తీశారు. ఎందుకు మానేశాడో ఎక్కడా లేదు. పులిలాంటి మనిషి వస్తున్నాడని, జట్టు దశ తిరిగిందని అందరూ రాసుకున్నారు.

తీరా మ్యాచ్‌లు మొదలయ్యాక, ఆన్‌లైన్‌లో చూపడానికి మేడమీద పెట్టిన ఒక్క కెమెరాలో కనిపించింది వేరే మనిషి. గీత పక్కన స్తంభంలా నిలబడేవాడు. చెయ్యి ఊపడు, గెంతడు. పక్కనున్న అసిస్టెంట్ అమ్మాయే ఏదో ఒకటి చెబుతూ ఉండేది. పని అంతా ఆవిడదే, జీతం ఈయనదని గ్రూపులో వెక్కిరించారు. ఆటగాళ్లు మాత్రం బంతి అందించిన ప్రతిసారీ బడిలో హాజరు పిలిచినట్టు పేర్లు పిలుచుకునేవారు. విచిత్రమేమిటంటే, మూడు మ్యాచ్‌ల్లో రెండు గెలిచారు, ఒకటి సమం చేశారు.

ఒకసారి భార్గవ్ మరిచిపోయిన బూట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, గేటు దగ్గర కోచ్ ఎదురయ్యాడు. కౌశల్ నమస్కారం చెప్పి, ఆ రోజుల పద్ధతి ప్రకారం మోచెయ్యి ముందుకు చాపాడు. ఆయన మర్యాదగానే బదులు పలికాడు గానీ, చాపిన మోచేతిని అలాగే వదిలేసి అసిస్టెంట్‌తో ముందుకు సాగిపోయాడు. పొగరు, అనుకున్నాడు కౌశల్.

భార్గవ్‌ను ఎంత గుచ్చి అడిగినా దాటవేసేవాడు. ఒక్క సంగతి మాత్రం చెప్పాడు. వారంగా తన చీలమండ నొప్పిగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. కోచ్ ప్రాక్టీస్ మధ్యలో ఆపి, నీ ఎడమ పాదం ఆలస్యంగా పడుతోంది, డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో అన్నాడట. అదేం గద్ద చూపో అని కౌశల్ ఆశ్చర్యపోయాడు. అంత ఆట తెలిసినవాడికి అభిమానులంటే ఎందుకు గిట్టదో అంతుపట్టలేదు.

శనివారం షరతును లెక్కచేయకుండా డప్పు తీసుకెళ్లాడు. దూరం పాటించాలని అందరినీ గ్యాలరీ ఎడమ సగంలోనే కూర్చోబెట్టారు. ఏడాదిన్నరగా నోళ్లు కట్టేసుకున్న జనం ఒక్కసారి విరుచుకుపడ్డారు. ఆ హోరులో స్తంభంలాంటి కోచ్ మొదటిసారి కదిలాడు. తల అటూ ఇటూ తిప్పాడు, అసిస్టెంట్‌ను పదేపదే అడిగాడు. సగం ఆటకు జట్టు రెండు గోల్స్ వెనకబడింది.

విరామంలో భార్గవ్ కంచె దగ్గరకొచ్చాడు.

“డప్పు ఆపరా. మిగతావాళ్లని కూడా ఆపు.”

“మేం అరిస్తే మీకు బలం కాదారా?”

“బలమే. కానీ ఇవాళ ఆపు. ఎందుకని అడక్కు. ఈ మ్యాచ్ అయ్యేదాకా చెప్పకూడదని జట్టంతా ఆయనకి మాటిచ్చాం.”

కౌశల్ డప్పు వైపు చూశాడు. ఈ ఊళ్లో అతనికో చోటు ఇచ్చింది ఆ డప్పే. కానీ కరోనా వచ్చి తను గదిలో పడి ఉన్న రెండు వారాలూ పూటపూటా తలుపు ముందు అన్నం పెట్టి వెళ్లింది భార్గవ్. ఇన్నేళ్లలో అతను తననేదైనా అడగడం ఇదే మొదలు. కౌశల్ డప్పును కుర్చీ కింద పెట్టి, మాస్కు మీద వేలు పెట్టుకుని వరుస వరుసకూ వెళ్లి బతిమాలాడు. కొందరు తిట్టారు. చివరికి అందరూ ఆగారు.

రెండో సగంలో కౌశల్ తన జీవితంలో మొదటిసారి ఆటను విన్నాడు. తడి గడ్డి మీద బూట్ల చప్పుడు, బంతి తగిలిన దెబ్బ, ఆటగాళ్ల ఊపిరి, పేర్ల పిలుపులు. కోచ్ మళ్లీ తల కొద్దిగా వంచి కదలకుండా నిలబడ్డాడు. అప్పుడప్పుడూ ఒక్కో మాట అన్నాడు. ఆ మాట పడ్డవైపు ఆట మలుపు తిరిగింది. ఒక గోల్. చివరి నిమిషంలో ఇంకొకటి. రెండుకు రెండు.

విజిల్ మోగాక చప్పట్లతో గ్యాలరీ దద్దరిల్లి, సద్దుమణిగింది. అసిస్టెంట్ రిఫరీ దగ్గర కాగితాలు చూస్తుండగా, కోచ్ ఒక్కడే మెల్లగా కంచె దాకా నడిచి వచ్చాడు. ఏం మాట్లాడతాడోనని జనమంతా ఊపిరి బిగబట్టారు. ఆయన టోపీ తీసి, గ్యాలరీ కుడి సగం ముందు నిలబడి, ఈ నిశ్శబ్దాన్ని తానెన్నడూ మరువనని చెప్పి, వంగి నమస్కరించాడు. అక్కడ ఒక్క మనిషీ లేడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

కౌశల్ ముఖం మాడిపోయింది. కంచె అవతలున్న భార్గవ్‌ను పిలిచాడు.

“ఆయన కోసం ఇంత చేస్తిమి కదరా. మమ్మల్ని వదిలేసి ఖాళీ కుర్చీలకు దండం పెడుతుండేంది?”

భార్గవ్ గ్యాలరీ వైపు చూసి, మాస్కు కిందికి లాగి, గొంతు తగ్గించాడు.

“ఆయనకి చూపు లేదురా.”